అవ్వ వేసిన మేస్త్రీ వేషం

బొమ్మి పట్టిందంటే ఉడుంపట్టే. రాజపాళయానికి నూలుమిల్లు వచ్చిన కొత్త అది, 1939. ఆడపిల్లలను కూడా పనిలోకి తీసుకుంటున్నారని చెవిన పడగానే, పదహారేళ్ల ఆ పిల్ల నేనూ పోతానని భీష్మించుకుంది. పత్తిచేను తప్ప వేరే లోకం తెలియని తండ్రి అళగిరి వద్దన్నాడు. తల్లి పాక్కియం వద్దని మొత్తుకుంది. నాయనమ్మ జానకియమ్మాళ్ ఒక్కతే "పోనీరా, దానికీ నలుగురు మనుషులు తెలియొద్దా?" అని మనవరాలి వైపు నిలిచింది.

అంత ఆర్భాటం చేసి వెళ్లిన పిల్ల నెల తిరక్కుండానే, పని వేళకు మిల్లు సంగు కూస్తే చాలు, చెవులు మూసుకునేది. పని బ్రహ్మవిద్యేమీ కాదు. కండెల మీది నూలు పెద్ద చుట్టలుగా, చిలపలుగా చుట్టుకుంటుంటే యంత్రం ముందు నిలబడి, తెగిన పోగును ముడివేయాలి. ముడివేయడం బొమ్మికి తొందరగానే వచ్చేసింది. రానిదల్లా మేస్త్రీ అరుపును తట్టుకోవడమే. ఆయన వెనక నిలబడి కేక వేస్తే వేళ్లు వణికేవి, వేళ్లు వణికితే ముడి జారేది, ముడి జారితే ఇంకో కేక. శనివారంనాడు ఆయన తేల్చి చెప్పేశాడు. సోమవారం కూడా ఇదే వరసైతే మంగళవారం రానక్కర లేదట.

ఇంట్లో చెప్పుకోవడానికి ముఖం ఎక్కడిది? కొట్లాడి తెచ్చుకున్న పని కదా! పళ్లెం ముందు కూర్చుని కూడు కెలికి, కడుపునొప్పి అని లేచిపోయేది.

ఆదివారం మధ్యాహ్నం గోమతి వచ్చింది. ఇంట్లోనూ పక్కే, మిల్లులోనూ పక్క యంత్రమే. వచ్చీ రాగానే అందరి ముందూ గుట్టంతా విప్పేసింది. బొమ్మికి ఒళ్లు మండిపోయింది.

"నిన్నెవరే చెప్పమనింది?"

"నువ్వు తినకుండా పుల్లమాదిరి అయిపోతాండావు. సూస్తా ఊరికే ఉండమంటావా?"

చెప్తే విన్నావా అంటాడని బొమ్మి తండ్రి వైపు బిక్కుబిక్కుమంటూ చూసింది. అళగిరి ఆ మాట ఎత్తలేదు. "పని మానుకోవాలంటే మానుకో అమ్మణ్ణీ. పనికి పోవాలంటే పో. ఎవురూ ఏమీ అనరు" అన్నాడు.

"పనికి పోవాలనే ఉంది నాయనా, కానీ చెయ్యి వణికిపోతాది" అని బొమ్మి బావురుమంది.

జానకియమ్మాళ్ లేచింది. వాకిట్లో నులకమంచం తిరగేసి, పైకి లేచిన కాళ్లకు నూలుపోగులు కట్టి యంత్రం చేసింది. కొడుకు తువ్వాలు తలకు చుట్టుకుంది. కుండ అడుగు మసి తీసి మూతి మీద మీసం దిద్దుకుంది. మిల్లు చప్పుడు కోసం అళగిరి చేతికి ఇత్తడి పళ్లెం ఇచ్చింది. అతనూ పూజలో గంట కొట్టినంత భక్తిగా దాన్ని వాయించసాగాడు. గోమతి పోగు తెంపింది. మేస్త్రీ గర్జించింది.

"ఏమే! చెయ్యా అది, చీపురుకట్టా? తినేదానికి ముందు, పనికి వెనకా? మీ అమ్మ నీకు నేర్పించింది ఇంతేనా?"

"మధ్యలో నన్నెందుకత్తా!" అంది పాక్కియం.

మొదటి తిట్టుకు బొమ్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముడి జారిపోయింది. గోమతి మళ్లీ తెంపింది, అవ్వ మళ్లీ తిట్టింది. కాసేపటికి చెమటకు మీసం కరిగి గడ్డం దాకా జారింది. అది చూసి బొమ్మి పకపకా నవ్వింది. నవ్వుతూనే ముడివేసింది. పొద్దు గుంకేదాకా సాగిన ఈ మిల్లులో చివరికి మేస్త్రీ గొంతే పోయింది.

సోమవారం పోగు తెగనే తెగింది. వెనక నుంచి కేక పడనే పడింది. బొమ్మి ఎప్పటిలాగే ఉలిక్కిపడింది. కానీ తల తిప్పి మేస్త్రీ మీసం చూసేసరికి ఎక్కడలేని నవ్వు ముంచుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకునేలోపు వేళ్లు తమ పని తాము చేసేశాయి. పోగు చక్కగా తిరుగుతోంది. పక్కన గోమతి మాత్రం ఆపుకోలేక కిసుక్కుమంది.

"ఏంది నవ్వు?" అన్నాడు మేస్త్రీ.

"తుమ్మొచ్చిందయ్యా, పంచు ముక్కులోకి పోయింది" అంది గోమతి, గాలిలో ఎగిరే దూది చూపించి.

ఆయన ముడిని చూశాడు. తిట్టడానికి ఏమీ దొరక్క ముందుకు సాగిపోయాడు.

ఆ సాయంత్రం బొమ్మి రెండోసారి అడిగి మరీ సజ్జసంకటి వడ్డించుకుంది. జరిగినదంతా చెప్పి, ఉన్నట్టుండి అడిగింది.

"అవ్వా, మా మేస్త్రీని నువ్వు సూసిందే లేదు. అంత బాగా ఎట్ల తిట్టినావు?"

మిరియాల కషాయం తాగుతున్న జానకియమ్మాళ్ బొంగురు గొంతుతో నవ్వింది.

"మేస్త్రీ యాడోడే? అది మా అత్త. ఈ వాకిట్లోనే. పదమూడేండ్లకు వచ్చినాను ఈ ఇంటికి. ఆమె మాటలే, ఒకటి కూడా మార్చలేదు."

పాక్కియం చేతిలో గరిటె ఆగింది.

"నువ్వేం చేసినావు అవ్వా?"

"ఏం చేస్తును? వణికినాను. ఇంటికొచ్చి చెప్పేదానికి నాకు గోమతి ఉండిందా?"

బొమ్మి పళ్లెం పట్టుకుని జరిగి, అవ్వను ఆనుకుని కూర్చుంది.