ఫ్రిజ్ తలుపు తెరిచే మనిషి

ఆఫీసుకి రాగానే రొవీనా ముందు వంటగదిలోకే వెళ్ళేది. నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో, ఆదివాసుల సంఘం కార్యాలయంలో ఆమె ఆరోగ్య కార్యకర్త. ఫ్రిజ్ తెరిచి, లోపల కోలా డబ్బా కనిపిస్తే తీసి బల్ల మధ్యలో పెట్టేది. అది ఎవరిదో వాళ్ళు సిగ్గుపడుతూ వచ్చి తీసుకెళ్ళాలి. టీ బల్లమీద చక్కెర తీసేసి, చక్కెర లేని తీపి బిళ్ళలు పెట్టింది. పళ్ళరసం కూడా మాన్పించింది.

ఆమెకు కారణం ఉంది. తండ్రికి షుగరు జబ్బు ముదిరి మొదట ఒక కాలు తీసేశారు, తర్వాత నలభై తొమ్మిదో ఏట ప్రాణమే పోయింది. తల్లి వారానికి మూడుసార్లు డయాలిసిస్ కోసం నూట తొంభై కిలోమీటర్లు వెళ్ళి వస్తోంది.

"మేనేజరమ్మ వస్తోంది, దాచేయండర్రా!" అనేది సంఘంలో పెద్దావిడ డల్సీ పిన్ని. ముసలివాళ్ళు పకపకా నవ్వేవారు. మిషన్ రోజుల్లో, అంటే ఆదివాసులను ఒకచోట చేర్చి తెల్ల మేనేజరు అదుపులో ఉంచిన కాలంలో, ఆ మేనేజరు భార్య తలుపైనా తట్టకుండా ఇళ్ళలోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూసేదట. రొవీనా పుట్టకముందు మాట అది. అందుకే ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది.

ఆ గురువారం కమిటీ సమావేశం. సంఘంలో ఎవరేం తినాలి, ఏం వండించాలి అని రొవీనా రాసిన నియమాలు ఆ రోజు ఓటుకు వస్తున్నాయి. ఆమె కోరినట్టే భోజనం కూడా మారింది. వేయించిన సాసేజీలు లేవు, కంగారూ మాంసం, కూరగాయలు కలిపి ఉడికించిన పులుసు. పన్నెండింటికి భోజనం వ్యాను వస్తుందని తానే అందరికీ చెప్పింది.

పన్నెండున్నర దాటినా వ్యాను రాలేదు. అధ్యక్షుడు సెడ్రిక్ మామయ్య ఒకే వాక్యాన్ని మూడోసారి చదువుతున్నాడు. నుదుటి నిండా చెమట.

"ఏంటన్నా, అక్షరాలు మర్చిపోయావా?" అని నవ్వబోయింది డల్సీ. ఆయన చేతిలోంచి కాగితం జారిపోయింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మామయ్యా, ఇన్సులిన్ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నావు?" అంది రొవీనా.

"పన్నెండుకి... తిండి అన్నావుగా," అన్నాడాయన నాలుక మడతపడుతుంటే.

రొవీనా ఆయన వేలు గుచ్చి చూసింది. రక్తంలో చక్కెర, వాళ్ళ మీటరు లెక్కలో కనీసం నాలుగైనా ఉండాల్సిన చోట రెండు పాయింట్ నాలుగు. ఇంకా మింగగలడు. స్పృహ తప్పితే ఆ దారీ ఉండదు. అంబులెన్సుకు ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. సంచిలో ఉండాల్సిన గ్లూకోజు బిళ్ళలు పోయిన వారం ఎవరికో ఇచ్చి, మళ్ళీ తెచ్చుకోలేదు. వంటగదిలోకి పరుగెత్తింది. అరలన్నీ తెరిచింది. చక్కెర పలుకు కూడా లేకుండా శుభ్రంగా ఉన్నాయి. అలా శుభ్రం చేసింది తనే.

"ఎవరి దగ్గరైనా కోలా ఉందా?"

కొందరు నేల చూశారు, కొందరు కిటికీ వైపు తిరిగారు. డ్రైవర్ టైరెల్ గొంతు సవరించుకున్నాడు.

"పరీక్ష పెడుతున్నావా అక్కా?"

"నీకు దణ్ణం పెడతాను టైరెల్, ఉంటే ఇవ్వు!"

అతను చొక్కా కిందనుంచి డబ్బా తీశాడు. ఆమె దాని మీది రాత చూసింది. చక్కెర లేనిది.

"ఇది పనికిరాదు!" అని రొవీనా డల్సీ వైపు తిరిగింది. "నేనెవరి పేరూ రాసుకోను. ఎవర్నీ ఏమీ అనను. మామయ్య పోతాడు పిన్నీ!"

డల్సీ ఆమె ముఖంలోకి చూసి ఒళ్ళోని చేతిసంచి తెరిచింది. తువ్వాలు మడతల్లోంచి కోలా సీసా వచ్చింది. మామయ్య తల పట్టుకుని కొద్దికొద్దిగా తాగించారు. పావుగంట గడిచింది. రెండోసారి గుచ్చితే నాలుగు పాయింట్ ఆరు.

"మా అమ్మ కూడా అంతే," అంది డల్సీ మూత బిగిస్తూ. "మేనేజరమ్మ బండి చప్పుడు వినపడగానే జామ్ సీసా ఇలాగే బట్టల్లో చుట్టి దాచేది. నీ నడక వినపడితే నా చేతులు వాటంతటవే సంచిలోకి పోతాయి, పిల్లా. ఊరికే ఎగతాళికి అంటున్నాననుకున్నావా?"

అంబులెన్సువాళ్ళు వచ్చి చూసి, ఇక భోజనం పెడితే చాలన్నారు. వ్యాను వచ్చింది. మామయ్యకు ముందు వడ్డించారు. ఆయన రొట్టె పులుసులో ముంచుకుని తింటూ, "ఇప్పుడు చదువు నీ నియమాలు. గట్టిగా చదువు, నా చెవులు ఇంకా తిన్నగా పనిచేయడంలేదు," అన్నాడు.

భోజనం చెప్పిన వేళకు రావాలని, ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళకోసం గదిలో చక్కెర ఉంచాలని రెండు మాటలు అప్పటికప్పుడు చేర్చి చదివింది. నాలుగో నియమం దగ్గర ఆగింది. ఆరోగ్య కార్యకర్త వారానికోసారి ఫ్రిజ్‌నూ అరలనూ తనిఖీ చేయాలని అది. కలం తీసి అందరూ చూస్తుండగా కొట్టేసింది. మిగతావి చివరిదాకా చదివి ఓటుకు పెట్టింది.

ఒక్కొక్క చెయ్యీ పైకి లేచింది. డల్సీ చెయ్యి లేవలేదు.

"నేనింకా ఆలోచించుకోవాలి," అందామె.

"ఆలోచించుకో పిన్నీ," అంది రొవీనా. ఎందుకని అడగలేదు.