గెనెం మీద నేర్చుకున్న నడక

నిన్న అండమాన్‌లో ఒక దీవి చూడటానికి వెళ్లాం. కొండ అంచున మూరెడు దారి, కింద సముద్రం. నా కూతురు ముందు నడుస్తోంది. నేను ఆగిపోయాను.

నాట్ల రోజుల్లో పొలం గెనెం మీద నడక గుర్తుందా మీకు? నెత్తిన సద్ది గంప, రెండు పక్కలా నీళ్లు నిండిన మడి. వెంకటాచలం ఊరి దగ్గర మా చేలో నేను భయపడి ఆగిపోతే, వెనక నుంచి అవ్వ అరిచేది.

"చెప్పులిడిసి చేతబట్టుకో మే! బొటనేలు బురదలో గుచ్చి నడువు. పడితే ఏముంది, బురదే గదా!"

నిన్న నేనూ బూట్లు విప్పేశాను. బొటనవేలు రాతిలో ఎక్కడ దిగుతుంది?

"ఏందమ్మా, భయమా?" అంటూ కూతురు అంచు మీదే గిర్రున వెనక్కి తిరిగింది.

"ముందు చూసి నడువు మే! మెల్లిగా!"

అవ్వలాగే అన్నీ దానికి అరిచి చెప్పాను, ఆ 'పడితే ఏముంది' అన్న మాట తప్ప.