ఫ్యూజు చోట రాగితీగ

బేతంచెర్లలో కారు నడిపే ఆడమనిషి ఎవరంటే ఒకప్పుడు ప్రసన్నకుమారి పేరే చెప్పేవారు. మెచ్చుకుంటూ కాదు, నవ్వుతూ. ఆమె మొగుడు యేసుప్రసాద్ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసీ చేసీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇక రాయి ముట్టుకోలేనని తేలాక, ఎవరో వాడి వదిలేసిన పాత కారొకటి కొన్నాడు. వెనక ఎదురెదురుగా సీట్లుండి, ఇరుక్కుంటే చాలామంది పట్టే బండి. గనుల్లో పనికి పోయే ఆడవాళ్లను పొద్దున దించి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. రానురానూ స్టీరింగు తిప్పినా ఆయాసం వచ్చేది. అప్పుడు భార్యకు నేర్పించి, ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను పక్కకు జరిగాడు.

నడపడం ఆమెకు త్వరగానే వచ్చింది. బండి మొరాయించినప్పుడే కష్టం. అడిగేది ఆమె అయినా మెకానిక్కులు పక్కనున్న మగవాడికేసి చూసి జవాబు చెప్పేవారు. యేసుప్రసాద్‌కు అది నచ్చలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, స్టీరింగు కిందున్న ఫ్యూజుల పెట్టె ఆమెకు చూపించాడు. దాని మూత ఎప్పుడో పోయింది. ఏ ఫ్యూజు దేనిదో చెప్పే గుర్తులూ దాంతోపాటే పోయాయి.

"ఒక్కొక్కటే పీకు. ఏది ఆగిపోతాదో చూద్దాం," అన్నాడు.

ఆమె ఒకటి పీకింది. అతను హారన్ నొక్కాడు. మోగింది. దాన్ని మళ్లీ పెట్టి ఇంకొకటి పీకింది. ఈసారి మోగలేదు.

"హారన్‌ది ఇదే మామా!" అని చిన్నపిల్లలా అరిచింది.

అలాగే లైట్లదీ, వైపర్లదీ తేల్చుకున్నారు. ఇంజను వేడెక్కేదాకా కూర్చుని రేడియేటర్ ఫ్యానుదీ కనిపెట్టారు. పీకినదాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, లోపలి సన్నటి పట్టీ తెగిందో లేదో చూడటం నేర్పాడు.

"పసుపుది తీసిన చోట పసుపుదే పెట్టాల. ఎర్రదానికి బలం తక్కువ, ఊరికే కాలిపోతాది. పచ్చదానికి బలం ఎక్కువ, అది కాలదు, వైర్లు కాల్తాయి. ఇది బండి కోసం చచ్చే ముక్క మే. దాన్ని చావనీయాల."

ఆ ఎండాకాలం ఫ్యాను ఫ్యూజు మాటిమాటికీ కాలసాగింది. కొత్తది వేస్తే కొన్నాళ్లు నిలిచేది, మళ్లీ పోయేది.

"పీజును తిట్టి లాభం లేదు. యాడో వైరు ఇనుముకు గీరుకుంటాండాది," అన్నాడు యేసుప్రసాద్.

అతను వంగలేడు. ఆమే బండి కింద దూరి వెతికింది. రేడియేటర్ పక్కన వైరు పైతొడుగు అరిగి, రాగి బయటపడి ఉంది. అప్పటికి టేపు చుట్టింది. వైరంతా మార్పించాలనుకున్నారు. అంతలోనే అతను పోయాడు.

సమాధి మట్టి ఆరకముందే యేసుప్రసాద్ అన్న లేవి, చర్చి సంఘ పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు.

"బండి నేను నడుపుతాలేమ్మా. నీ కూడూగుడ్డా నేను చూసుకుంటా. మగదిక్కు లేని ఆడది గనుల దారిన తిరుగుతాంటే మాకు తలవంపులు."

"మీ తమ్ముడు ఉన్నప్పుడు కూడా తిరిగినా కదా బావా?"

"అప్పుడు పక్కన వాడుండె."

పెద్దలు తలలూపారు. ఆమె తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఫ్యాను వైరు మార్పించు బావా. అందాకా పీజు కాలితే కాలనీ, కొత్తది వెయ్యి. దాని చోట రాగితీగ మాత్రం పెట్టొద్దు."

"నాకు చెప్పేదానివైనావా?" అని లేవి నవ్వాడు.

వైరు మార్చలేదు. ఒక మధ్యాహ్నం గని దారిలో మిట్ట ఎక్కుతుండగా కారు ముందు భాగంలోంచి పొగ లేచింది, వెంటనే మంట. లేవి తన తలుపు తీసుకుని దూకేశాడు. వెనకున్న ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. అందరికన్నా చివర దిగిన ఈరక్క చీరకు మంట అంటుకుని, కాలు మోకాలి దాకా కాలింది. కారు బూడిదైంది.

ఊళ్లో లేవి ఒకటే మాట చెప్పాడు: "ఆయమ్మ పీజులు పీకి పీకి ముందే చెడగొట్టింది. తెలీక నేను నడిపినా."

ప్రసన్నకుమారి కాలిన బండి దగ్గరకు వెళ్లింది. ఫ్యూజుల పెట్టె కరిగి నల్లటి ముద్దయింది. రాయితో పగలగొట్టి చూస్తే, ఫ్యాను ఫ్యూజు ఉండాల్సిన చోట మెలితిప్పిన రాగితీగ. దాన్ని తెచ్చి పెద్దల ముందు పెట్టింది.

"చూడండి. నేను వద్దన్నదే పెట్టినాడు."

లేవి తడుముకోలేదు. "ఆ తీగ నువ్వే పెట్టింటావు."

పెద్దలు తీగను అటూ ఇటూ తిప్పి చూశారు. తీగకు నోరుండదు. చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి అందరినీ పంపించారు.

ఈరక్క ఇంటికి ఆమె మందు పట్టుకుని పోయింది. ఈరక్క కాలు చాపుకుని గోడకానుకుని ఉంది.

"నాకు తెల్సు పాపా," అంది మెల్లగా. "దోవలో బండి నిలిపి మీ బావ తీగ పెట్టింది నేను కండ్లారా చూసినా."

"అయితే వచ్చి ఒక్కమాట చెప్పక్కా!"

"ఎట్ల చెప్తును? ఆయప్ప ఇంకో బండి తెస్తాడంట. కాలు మానితే నేను దాంట్లోనే పనికి పోవాల."

ప్రసన్నకుమారి మందు అక్కడ పెట్టి లేచి వచ్చేసింది. కూడూగుడ్డా చూసుకుంటానన్న బావ ఆ తర్వాత గడప తొక్కలేదు. ఆమె రైల్వే స్టేషను దగ్గర హోటల్లో గిన్నెలు తోమే పనిలో చేరింది.

లేవి ఇంకో పాత కారు తెచ్చాడు. ఒక పొద్దున ఆమె హోటలుకు నడిచి పోతుంటే ఆ కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. లోపల గని ఆడవాళ్లు, వాళ్లలో ఈరక్క. లేవి తాళంచెవి తిప్పుతున్నాడు. బండి పలకడం లేదు. ఆమెను చూసి తల తిప్పుకున్నాడు గానీ, తిప్పుకుని ఎంతసేపుంటాడు?

"రోంత చూస్తావామ్మా? వీళ్లకు పనికి పొద్దు పోతాండాది."

వెళ్లిపోదామనే అనుకుంది. లోపలి ముఖాలు చూసింది. తలుపు తీసి, వంగి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి ఎండకెత్తి చూసింది. ఒకదాంట్లో పట్టీ తెగి ఉంది. వాన జాడే లేదు కాబట్టి వైపర్లది, అదే రంగుది, తీసి దాని చోట పెట్టింది. బండి స్టార్టయింది.

"ఎట్ల కనుక్కుంటివే!" అంది లోపలినుంచి ఎవరో.

"మా తమ్ముడు నేర్పించినాడులే," అన్నాడు లేవి గేరు వేస్తూ. "వాడు శానా పనిమంతుడు."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. లేవి చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఆమెకు కాలిన బండిని చూసిన నాటికన్నా ఎక్కువ మండింది.