ఎర్రర్లన్నీ శ్రావంతికే

సార్ పోయారని నాకు శ్రావంతి ఫోన్ చేసి చెప్పింది. తార్నాకలో వాళ్ళింట్లోనే, పొద్దున టిఫిన్ చేసి పేపర్ చూస్తూ ఒరిగిపోయారట. వెక్కిళ్ళ మధ్య ఆమె చెబుతుంటే నాకు ఏడుపు రాలేదు. ఈ మాట నాకంటే ముందు ఈమెకెలా తెలిసింది అనిపించింది. చెప్పుకోవడానికి బాగోలేదు, కానీ మొదట తోచింది అదే. ఆయన దగ్గర ముందు పని నేర్చుకున్నదాన్ని నేను. ఆమె నా తరువాత వచ్చింది.

మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ సంగతి కాస్త చెప్పాలి. విద్యార్థుల మార్కులు మా దగ్గర ఇప్పటికీ పాత మెయిన్‌ఫ్రేమ్‌లోనే ఉంటాయి. రోజూ ఆ ఫైళ్ళకు నకలు తీసి టేపు మీద దాస్తాం, అది బ్యాకప్. అసలుది పాడైతే ఆ నకలును తిరిగి యంత్రంలోకి ఎక్కిస్తాం, అది రిస్టోర్. ఈ రెండింట్లో ఏది ఆగినా స్క్రీన్ నిండా ఎర్రర్ మెసేజీలు పడతాయి. వాటి అర్థం విప్పి చెప్పడం సార్ పని.

ఆయన తార్నాక వైపు గేటు నుంచి టిఫిన్ డబ్బా ఊపుకుంటూ నడిచి వచ్చేవారు. నేను చేరిన కొత్తలో ఒకసారి రిస్టోర్ మధ్యలో ఆగి, ఏం చేయమంటావని యంత్రం అడిగింది. నేను కంగారుగా ఏదో కొట్టబోయాను.

"ఆగమ్మా. అది అడిగి ఊకున్నది, ఏడికి పోతలేదు. నీకేంది అంత ఉరుకుడు?" అన్నారు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

అందరూ చివరి లైను చూసి హడలిపోతారు. ఆయన మొదటి లైను దాకా పైకి వెళ్ళేవారు. "కిందున్నదంతా ఏడుపే. దెబ్బ ఏడ తాకిందో పైన చూడు" అనేవారు. మెసేజీ మీద వేలు పెట్టించి, ఒకటో తరగతి పిల్లతో చదివించినట్టు పైకి చదివించేవారు. నాకు సిగ్గుతో చచ్చేంత పనయ్యేది. ఆయన మాత్రం తాపీగా చాయ్ తాగుతూ "మళ్ళొకసారి చదువు" అనేవారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే, అందులో అనుమానం లేదు.

కొన్నేళ్ళు ఆ కుర్చీ నా పక్కనే ఉంది. తరువాత ఒక రీవాల్యుయేషన్ సమయంలో మార్కుల ఫైలు పాడైంది. రిస్టోర్ పెడితే, ఆ ఫైలు బ్యాకప్‌లోనే లేదని మెసేజీ వచ్చింది. పరీక్షల విభాగం ఆఫీసరు ఆయాసపడుతూ వచ్చాడు.

"పోరగాండ్లు బయట ధర్నాకు కూసుంటరు మేడం, జర జల్దీ చూడుండ్రి!"

అందరూ టేపు చెడిపోయిందన్నారు. సార్ చాయ్ తాగుతూ నా వైపు చూశారు. నేను రిస్టోర్ మెసేజీలు వదిలేసి, అంతకుముందు బ్యాకప్ తీసినప్పటివి తెరిచాను. పని ముగిసిందనే ఉంది, కానీ హెచ్చరికతో ముగిసింది. మా దగ్గర ఆ హెచ్చరికను ఎవరూ చదవరు. ముగిసిందంటే చాలు, టేపుకు చీటీ అంటించి బీరువాలో పెట్టేస్తారు. పైకి వెళ్ళి చూస్తే, ఈ ఫైలు ఎవరో వాడుతున్నారు కాబట్టి వదిలేశానని యంత్రం చెప్పనే చెప్పింది. పరీక్షల విభాగంలో ఎవరో ఫైలు తెరిచిపెట్టి భోజనానికి పోయారన్నమాట! అంతకంటే పాత టేపులో ఆ ఫైలు దొరికింది. ఆ తరువాతి మార్కులు వాళ్ళు గొణుక్కుంటూ మళ్ళీ ఎక్కించుకున్నారు.

"ఇగ నువ్వు ఒడ్డున పడ్డవమ్మా" అన్నారు సార్. ఆయన ముఖం వెలిగిపోయింది, నేను గాల్లో తేలిపోయాను. మర్నాడు వచ్చి చూస్తే ఆయన కుర్చీ శ్రావంతి పక్కన ఉంది.

ఏం చెప్పను! శ్రావంతి సీతాఫల్‌మండి నుంచి వచ్చే అమ్మాయి, అప్పుడే చేరింది. చురుకైనదే, కానీ మెసేజీ కనబడితే చాలు బెదిరిపోతుంది. అడిగిందే అడుగుతుంది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను పక్క సీట్లో పళ్ళు నూరుకుంటూ వినేదాన్ని. ఆయన రిటైరయ్యాక ఇక చాలించుకుంటుందనుకున్నాను. ఎక్కడ! సాయంత్రాలు ఫోన్లు, లేదంటే ప్రింటౌట్లు పట్టుకుని తార్నాక ప్రయాణం.

"సార్ వాళ్ళింట్ల సర్వపిండి పెట్టిండ్రు మేడం, మస్తుండె" అని మర్నాడు నాకే చెప్పేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

నేను ఫోన్ చేయలేదు. ఏమని చేయాలి? ఊరికే చేస్తే ఏమనుకుంటారో అని బిడియం. అడగడానికి నాకు రానిదేముందని పొగరు. ఆ రెండూ కలిసి నన్ను కదలనివ్వలేదు.

దినాల నాడు సార్ భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెను మేమంతా అమ్మ అంటాం.

"మీ సారు పొద్దుగూకితే ఫోను ముంగట పెట్టుకుని కూసుండేటోడు, శ్రావంతి చేస్తదని. ఒకపారి నీ సంగతి అడిగిన. 'ఆమె ఎందుకు చేస్తది, ఆమెకు అంత వస్తది' అన్నడు. ఎంత సంబురంగ అన్నడో బిడ్డా!"

నా ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదు. అయినా నాకు మిగిలింది ఆ ఫోన్ల మీద అసూయే. అంత బాగా నేర్చుకోకుండా ఉండాల్సింది. ఒక్కటంటే ఒక్క ఎర్రరైనా అర్థం కాకుండా మిగుల్చుకుని ఉంటే, ఆ సాయంత్రాల్లో ఒకటి నాకూ దక్కేది. నాకు పని వచ్చింది. శ్రావంతికి సార్ దక్కారు.

మొన్న ఒక రిస్టోర్ ఆగింది. శ్రావంతి సెలవులో ఉంది. కారణం ఏమిటో నాకు చూడగానే తెలిసిపోయింది. అయినా యంత్రం జోలికి వెళ్ళకుండా తార్నాక ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది.

"అమ్మా, రిస్టోర్ ఆగిపోయింది" అన్నాను.

"అయ్యో బిడ్డా, మీ సారు లేడు గద!"

"తెలుసమ్మా."

"మరి నీకు వస్తది గద?"

"రాదమ్మా" అన్నాను.

అవతల కుక్కర్ కూత వేసింది. అమ్మ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.