యాయత్ రాసిన చేదు మాటలు

తెల్లవారుజాము నమాజు అయ్యాక ఇమాస్ కాఫీకి నీళ్లు పెట్టేది. ఆ నీళ్లు మరిగేలోగా ఇల్లంతా గిటార్లతో దద్దరిల్లేది. బాండుంగ్ అంచున ఉజుంగ్‌బెరుంగ్‌లో ఆ సందు మొత్తానికీ అదే మేలుకొలుపు. కొత్త ఆల్బం ఏదైనా చేతికొచ్చిందంటే ఆమె భర్త యాయత్ పొద్దున్నే దాన్ని పెట్టాల్సిందే. పక్కింటి పోపోన్ గోడ మీదుగా తొంగి చూసి, ఇవాళ ఎవరి గొంతు కోస్తున్నారే మీ ఇంట్లో అని అడిగేది.

ఇప్పుడు కెటిల్ ఈల వినిపిస్తోంది. పెళ్లయి ఇన్నేళ్లయినా అది ఈల వేస్తుందని ఇమాస్‌కు తెలియదు. మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడింది. ఆ తర్వాత నీళ్లు పూర్తిగా మరగకముందే మంట ఆర్పేయడం అలవాటు చేసుకుంది. కాఫీ నులివెచ్చగా ఉంటోంది. తాగేది తనొక్కతే కదా, ఎలా ఉంటేనేం.

యాయత్ చేసే పని చొక్కాల మీద బొమ్మలు అచ్చు వేయడం. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో రంగుల డబ్బాలు, చెక్క చట్రాలకు బిగించిన తెరలు. బాండుంగ్‌లో బ్యాండ్ పెట్టిన ప్రతివాడికీ ముందు చొక్కా కావాలి, ఆ తర్వాతే పాట. అలా చొక్కాలకని వచ్చినవాళ్లు తమ పాటలు కూడా వదిలి వెళ్లేవారు. ఎలా ఉన్నాయన్నా అని అడిగేవారు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, చెప్పింది రాయడం మొదలుపెట్టాడు. తొలిరోజుల్లో జిరాక్సు కాగితాలు కుట్టి పంచేవాడు. తర్వాత రిజాల్ అనే అతను ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టి, ఆయన రాసినవన్నీ అందులో వేశాడు. కొత్త హార్డ్ రాక్ ఆల్బం వచ్చినా, పాటగాళ్ల మీద డాక్యుమెంటరీ వచ్చినా, యాయత్ ఏమన్నాడో చూసి గానీ ఊళ్లో కుర్రకారు నోరు విప్పేది కాదు.

మూడుసార్లు వినందే ఒక్క ముక్క రాసేవాడు కాదాయన. ఒకసారి షెడ్డులో పని చేస్తూ, ఒకసారి మోటారు సైకిలు మీద బజారుకు వెళ్తూ, చివరిసారి వంటింట్లో. ఆ చివరిదే అసలు పరీక్ష. తలుపులేసిన గదిలో ఎవడి పాటైనా గొప్పగానే ఉంటుంది, నూనె చిటపటలాడుతుంటే, పక్కన పచ్చడి నూరుతుంటే కూడా చెవిలోకి రావాలి, అదీ పాటంటే అనేవాడు. పీట వాల్చుకుని గుమ్మంలో కూర్చునేవాడు. బాగుందా అని ఇమాస్‌ను ఎన్నడూ అడగలేదు. అలా అడిగితే ఎవరైనా మొహమాటానికి బాగుందంటారని ఆయన నమ్మకం. ఎక్కడ విసుగేసింది అని అడిగేవాడు.

ఇమాస్ నాలుగో తరగతితో బడి మానేసింది. గిటార్ల గురించి ఆమెకేం తెలియదు. విసుగు మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. మూడో పాటలో అతను ఏడుస్తున్నాడు గానీ ఎందుకేడుస్తున్నాడో చెప్పడం లేదు అనేది. ఆ మాటను యాయత్ ఉన్నదున్నట్టు రాసేసేవాడు, పైన ‘వంటింటి తీర్పు’ అని పెట్టి. అది చదివి జనం నవ్వుకునేవారు. పాట కట్టినవాళ్లకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

డాక్యుమెంటరీలనూ వదిలేవాడు కాదు. వాటిని ఇద్దరూ కలిసే చూసేవారు. పాటగాళ్లందరినీ కూర్చోబెట్టి ఏడిపించి, ఒక్క పాటనైనా చివరిదాకా వినిపించలేదు, ఇది సినిమానా, కూరగాయల బండి దగ్గర ముచ్చటా అని ఒకదాని మీద రాశాడు. ఈ చుట్టుపక్కల పాత బ్యాండ్ల మీద కొందరు తీసిన దాంట్లో ఆయన కూడా కనిపించాడు. దాని గురించి రాస్తూ, మధ్యలో ఒక లావుపాటి మనిషి వచ్చి అక్కర్లేని సంగతులన్నీ మాట్లాడాడు, అతన్ని కత్తిరించి ఉంటే సినిమా బాగుపడేది అన్నాడు. తన గురించే.

ఆయన రాతలకు అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నవాడు ఓదిక్. చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒక్క గిటార్‌తో నేర్చుకున్నారు. ఓదిక్ ఉన్నదంతా పెట్టి తొలి ఆల్బం తెచ్చినప్పుడు, యాయత్ దాన్ని మూడుసార్లు విని రాశాడు. రెండో పాట గురించి, ఇది వస్తుంటే మూకుడులో నూనె కూడా చప్పుడు ఆపి వింది అన్నాడు. చివరి పాట గురించి, వెళ్తానని లేచిన చుట్టం గుమ్మం దగ్గర నిలబడి గంటసేపు మాట్లాడినట్టుంది అన్నాడు. ఓదిక్ ఆ రెండో మాటే పట్టుకున్నాడు. నలుగురూ కూడా దాన్నే పట్టుకున్నారు. కచేరీల్లో చివరి పాట మొదలుపెట్టగానే, గుమ్మం దాటు అన్నా అని వెనకనుంచి కేకలు వేసేవారు. ఓదిక్ ఈ ఇంటి గడప తొక్కడం మానేశాడు.

గుమ్మం దగ్గరి చుట్టం మాట ఇమాస్‌ది. దానికి మాత్రం యాయత్ ‘వంటింటి తీర్పు’ అని పెట్టకుండా తన మాటగానే రాశాడు.

యాయత్ షెడ్డులోనే, చేతికి ఎర్ర రంగుతో, కూలబడి ప్రాణం వదిలాడు. ఖననం చేసేటప్పుడు, ఈయన మంచివాడేనా అని పెద్దలు అడిగారు. మంచివాడే, మంచివాడే అని అందరూ అన్నారు. అది ఎక్కడైనా ఉన్నదే. నలభయ్యో రోజు ప్రార్థనల్లో మాత్రం ఆయన అన్న హాజీ ఉందాంగ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. చాపల మీద కూర్చున్నవాళ్ల మధ్య లేచి నిలబడి, నా తమ్ముడు రాతలతో మీలో చాలామందిని నొప్పించాడు, అతని తరఫున నేను చేతులు పట్టుకుని అడుగుతున్నాను, మనసులో ఏదీ పెట్టుకోకండి అన్నాడు. పాడేవాళ్లు, డ్రమ్ములు వాయించేవాళ్లు, జుట్టు ముడేసుకుని టోపీలు పెట్టుకుని వచ్చినవాళ్లందరూ తలలు వంచి, క్షమించాం హాజీగారూ అన్నారు. హాజీ అక్కడితో ఆగలేదు. ఆ చేదు రాతలన్నీ పేజీలోంచి తీసేయిద్దాం, సమాధిలో వాడికి బరువు తగ్గుతుంది అన్నాడు.

రిజాల్ నీళ్లు నమిలాడు. ఇంటావిడ ఎలా చెబితే అలా చేస్తానన్నాడు. అందరూ వంటింటి వైపు చూశారు. ఇమాస్ తెర వెనక అన్నం పొట్లాలు కడుతోంది. ఇంకో పొట్లానికి ఆకు పరిచింది. ఇంకా చాలామంది ఏదో ఒకటి గొణిగారు గానీ, ఇన్నేళ్ల తర్వాత వచ్చి మూలన కూర్చున్న ఓదిక్ మాత్రం చాప పీచు లాగుతూ ఉండిపోయాడు.

రేపు మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక వస్తాను, ఏమంటావో చెప్పు, నువ్వు రిజాల్ పక్కన కూర్చో, అతను చదువుతాడు, ఏది చేదో నువ్వు చెప్పు, తీసేస్తాడు అని హాజీ చెప్పి వెళ్లాడు. మంచిమాటగానే చెప్పాడు. ఆయన మనసులో తమ్ముడి మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

ఇమాస్‌కు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆ మాటల్లో సగం తనవి. వాటికి నిజంగా బరువుంటే, మట్టి కింద ఆయన మోస్తున్నది తన నోటి బరువు. తీసేయించాలి. కానీ తీసేస్తే, ఆయన గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న పొద్దులన్నీ తీసేసినట్టే. పాటలు పోయాయి, మనిషి పోయాడు, మిగిలింది ఆ రాతలే.

పొద్దున ఓదిక్ వచ్చాడు. చేతిలో క్యాబేజీ బజ్జీల పొట్లం. గడప బయటే నిలబడిపోయాడు. లోపలికి రండి కాంగ్ అని, అన్నను పిలిచినట్టే ఇమాస్ పిలిచాక చెప్పులు విడిచి, పొట్లం ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపు వానల గురించి మాట్లాడాడు. తన మోకాలు గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

“వదినా, హాజీగారి మాట వినకు. నా గురించి రాసింది తీయించకు.”

క్షమించలేదా అని అడిగింది ఇమాస్, భయంగానే.

“క్షమించడానికేముంది. అతను పోయిన రోజునే పోయింది నా కోపం. అది కాదు.” ఓదిక్ అరచేత్తో మోకాలు రాసుకున్నాడు. “ఆ రెండో పాట గురించి ఏం రాశాడో గుర్తుందా? నూనె చప్పుడు ఆపింది అని. నేను ఎన్ని కచేరీలు చేశానో, ఎంతమంది బాగుందన్నారో. నేను నమ్మింది ఆ ఒక్క మాటే. ఎందుకు నమ్మాను? పక్కనే నన్ను తిట్టాడు గనక. ఆ తిట్టు తీసేస్తే ఈ పొగడ్త కూడా స్నేహితుడు మొహమాటానికి అన్నదైపోతుంది. అప్పుడు నాకేం మిగులుతుంది చెప్పు.”

ఇమాస్ గ్లాసులో టీ పోసి అతని ముందు పెట్టింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

“ఆ చుట్టం మాట ఆయనది కాదు కాంగ్. నాది.”

ఓదిక్ ఆమె వైపు చూశాడు. ఆమె గ్లాసు వైపు చూస్తోంది.

“ఆ రోజు మా పిన్నత్త వచ్చి వెళ్లింది. గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడిందో. ఆవిడ వెళ్లాక మీ పాట పెట్టారు. నోటికొచ్చింది అనేశాను. ఆయన రాసేశారు.”

ఓదిక్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. నవ్వుతున్నాడు. “ఇన్నేళ్లూ తప్పు మనిషి మీద అలిగానన్నమాట. ఒక్క మాటైనా చెప్పలేదు చూడు, దొంగ సచ్చినోడు. నా కోపం తను మోసి నిన్ను వెనకేసుకొచ్చాడు.” కళ్లు తుడుచుకుని, “ఆ నూనె మాటైనా అతనిదేనా?” అని అడిగాడు.

“అది ఆయనదే. నాకైతే ఆ పాట గుర్తు కూడా లేదు.”

“సరే, బతికిపోయాను,” అన్నాడు ఓదిక్.

లేచేటప్పుడు సంచీలోంచి ఒక డిస్కు తీసి చాప మీద పెట్టాడు. కొత్త ఆల్బం, ఇంకా బయటికి రాలేదు. యాయత్‌కు ఇద్దామని ముందే ఒక కాపీ తీయించానన్నాడు. ఇవ్వడానికి ధైర్యం చాలక ఆలస్యం చేశానన్నాడు. ఎక్కడ విసుగేసిందో చెప్పు వదినా, అది చాలు అన్నాడు. ఈసారి గుమ్మం దగ్గర నిలబడకుండా గబగబా వెళ్లిపోయాడు.

అసర్ నమాజు అయ్యాక హాజీ వచ్చాడు. ఇమాస్ కుర్చీ వేసింది. రిజాల్‌ను ఎప్పుడు రమ్మందామని అడిగాడాయన.

ఇమాస్ తన బావగారి ముందు ఇంతవరకు కాదు అన్న మాట అని ఎరగదు. తలమీది ముసుగు సర్దుకుని, మెల్లగా, క్షమాపణ మీరు అడిగారు, వాళ్లు సరేనన్నారు, అది చాలదా అంది. ఓదిక్ వచ్చి ఏమన్నాడో చెప్పింది. ఆ మాటల్లో తనవెన్నో కూడా చెప్పింది. హాజీ గడ్డం నిమురుకుంటూ విన్నాడు. అందరూ ఓదిక్ లాంటివాళ్లు కారు కదమ్మా అన్నాడు.

“బావగారూ, ఆయన తనమీద తానే రాసుకున్నారు. లావుపాటి మనిషి, అక్కర్లేని మాటలు మాట్లాడాడు, కత్తిరించేయండి అని. దానికి మీరు ఎవరిని క్షమాపణ అడుగుతారు?”

హాజీకి ఆ సంగతి తెలియదు. తమ్ముడు రాసింది ఆయన ఎప్పుడూ చదవలేదు, ఆ గోల మనకెందుకని. పెదవి బిగబట్టాడు గానీ నవ్వు ఆగలేదు. కాసేపటికి, కొంచెం అనుమానంగా అడిగాడు.

“నా గురించి ఏమైనా రాశాడా?”

“రాయలేదు. మసీదు మైకు గరగరలాడుతోందని ఇంట్లో అన్నారు.”

“అది మార్పించాంగా.”

“అందుకే రాయలేదు.”

హాజీ షెడ్డు వైపు తిరిగాడు. మట్టి కింద ఉన్నవాడికి మనం చేయగలిగింది ఏముంటుందని చూశానమ్మా అన్నాడు.  తెలుసు బావగారూ అంది. ప్రార్థనలు మానవద్దంది. రాతలు మాత్రం ఉండనివ్వమంది.  రిజాల్‌తో నువ్వే చెప్పుకో అని హాజీ లేచాడు. చెప్పులు వేసుకుంటూ, నిన్న మా ఇంటినుంచి తెచ్చిన వంట గిన్నెలు తోమి ఉంచు, మీ తోడికోడలు సాయంత్రానికి మనిషిని పంపుతుంది అన్నాడు. ఇప్పట్లో వాటితో ఎవరికీ పని లేదు, కానీ తను ఇచ్చిన వస్తువు పరాయి ఇంట్లో ఉంటే ఆవిడకు నిద్ర పట్టదు.

ఆయన వెళ్లాక ఇమాస్ పెరట్లో గిన్నెల్లో నీళ్లు పోసింది. అడుగంటిన అన్నం నానాలి. పీచు, బూడిద దగ్గర పెట్టుకుంది. లుంగీ అంచు నడుముకు దోపుకుంది. ఒకసారి వంటింటి వైపు చూసింది. మళ్లీ గిన్నెల వైపు చూసింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది.

పాటల పెట్టె మీటలు ఏవి ఎటు తిప్పాలో చూసి తెలుసు గానీ ఎన్నడూ చేత్తో తాకలేదు. డిస్కు రెండోసారికి లోపలికి వెళ్లింది. మొదటి దెబ్బకే గోడ మీది పళ్లాలు కదిలాయి. మూకుడు పెట్టి, నూనె పోసి, తెంపే అనే సోయా గింజల అట్టును సన్నటి ముక్కలుగా తరిగి వేసింది. వినాలంటే ఇలాగే వినాలి. మొదటి పాటలో ఓదిక్ గొంతు ముసలిదైంది, అయినా గట్టిగానే ఉంది. రెండోది త్వరగా అయిపోయింది, ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది. మూడోదానికి ముక్కలు తిరగేయడం మరిచి, ఒక వాయి మాడ్చింది.

పోపోన్ గోడ మీద తల పెట్టింది. ఈసారి ఎవరి గొంతు కోస్తున్నారని అడగలేదు. కళ్లు పెద్దవి చేసుకుని కాసేపు విని, తర్వాత పాటకు మించి గొంతు పెంచింది.

“ఇమాస్, హాజీగారింటి మనిషొచ్చింది. గిన్నెలంట.”

“తోమలేదు.”

“ఉండమంటావా మరి?”

“వద్దు. ఇవాళ తోమను. రేపు రమ్మను.”

పోపోన్ ఇంకేదో అంటోంది, వినపడలేదు. ఇమాస్ పెరటి తలుపు దగ్గరగా వేసి పొయ్యి దగ్గరికి వచ్చింది. నాలుగో పాట నడుస్తోంది. బాగానే మొదలైంది గానీ, మధ్యలో ఒకటే చోట తిరుగుతున్నట్టుంది. ఓదిక్‌కు ఆ మాట చెప్పాలి. మంట కొంచెం తగ్గించి, ఐదోది ఎలా ఉంటుందో చూద్దామని పీట లాక్కుని కూర్చుంది. బయట గిన్నెలు నానుతూనే ఉన్నాయి.