అక్క గొంతుకు కాపలా

సిడ్నీలోని పెండిల్ హిల్‌లో కూరగాయలు కొంటుంటే బావగారు ఫోన్ చేశారు. “అక్క వెళ్ళిపోయిందమ్మా” అన్నారు.

అక్క నాకు తోడబుట్టిన మనిషి కాదు. సిడ్నీలో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్. ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్‌లోకి దొంగలు ఎటునుంచి చొరబడగలరో ముందే ఊహించి ఆ దారులు మూయడం మా పని. దాన్ని థ్రెట్ మోడలింగ్ అంటారు. అక్క దాన్ని అంతరిక్షం కథలతో నేర్పేవారు. కథలో పడితే టీ చల్లారిపోయేది. ఆ చల్లటి టీనే తాగేసేవారు.

“ఒక నౌక ఉందనుకో. కెప్టెన్ గొంతు వింటేనే తలుపు తెరుచుకుంటుంది. కెప్టెన్ చచ్చిపోయాడు. బయటినుంచి ఎవరో అదే గొంతుతో తలుపు తియ్యమన్నారు. ఇప్పుడేంటి?”

“అది కెప్టెన్ కాదని నౌకకి తెలియాలి కదక్కా?”

“ఎలా తెలుస్తుందే? దానికి గొంతే తెలుసు, మనిషి తెలీదు. లోపల ఏం పోకూడదు, దానికోసం ఎవరొస్తారు, ఎటునుంచి వస్తారు? ఇవి అడక్కుండా తాళం కొనకు.”

ఇంకో కథలో అంగారకుడి మీద తోటకి నీళ్ళు పెట్టే రోబో. శత్రువు దాన్ని ముట్టుకోడు. ‘ఇవాళ నీళ్ళు పెట్టడం అయిపోయింది’ అని రోజూ దానికి అబద్ధపు కబురు పంపుతాడు. తోట ఎండిపోతుంది, ఊరు పస్తులతో పోతుంది. “పగలగొట్టక్కర్లేదు. నమ్మిస్తే చాలు” అనేవారు. ఈ రోజుకీ ఏ డిజైన్ చూసినా నాకు ముందు ఆ తోటే గుర్తొస్తుంది.

తర్వాత ఆవిడకి నరాల జబ్బు వచ్చింది. ముందు చేతులు పడిపోయాయి, తర్వాత మాట ముద్దబారడం మొదలైంది. గొంతు పూర్తిగా పోకముందే రికార్డు చేసుకుంటే, చూపుతో అక్షరాలు ఎంచుకున్నప్పుడు యంత్రం ఆ గొంతుతోనే పలుకుతుందని డాక్టర్లు చెప్పారు. అక్క ఒప్పుకున్నారు. కానీ దాన్ని ఇంటర్నెట్‌కి కలపనివ్వలేదు. తను పోయాక ఆ గొంతుని చెరిపేయమన్నారు.

“అదొక్కటైనా మిగలనివ్వు” అని బావగారు బతిమాలారు.

అక్క చాలాసేపు కళ్ళతో అక్షరాలు వెతుక్కున్నారు. ఆవిడ గొంతుతోనే యంత్రం పలికింది: “రేపు ఎవడైనా ఈ గొంతుతో పిలిస్తే మన పాప ఎక్కడికైనా వెళ్తుంది.”

అంత్యక్రియలయ్యాక క్వేకర్స్ హిల్‌లో వాళ్ళింటికి వెళ్ళాం. బావగారు గొంతు చెరిపేద్దామని యంత్రం ముందు కూర్చున్నారు గానీ చెయ్యి కదల్లేదు. హైస్కూల్లో ఉన్న వాళ్ళ పాప వచ్చి పక్కన నిలబడింది.

“డాడ్, అమ్మ అడిగింది కదా. ఐ విల్ డూ ఇట్.”

తన పేరు టైప్ చేసింది. వాళ్ళమ్మ గొంతు పిలిచింది. పాప కళ్ళు మూసుకుని విని, తర్వాత చెరిపేసింది.

యంత్రం తెర నల్లబడి, కొత్తదానిలా మళ్ళీ వెలిగింది. అందులో కంపెనీ ముందే పెట్టిచ్చిన గొంతు, ఎవరో తెలియని ఆవిడది, ఉత్సాహంగా ఇంగ్లీషులో “హలో, మీ పేరేంటి?” అని అడిగింది. హాలు నిండా మనుషులున్నాం. ఆ గొంతు కాసేపాగి, మళ్ళీ అడిగింది.