తార్నాకలో తెలిసిన ఉబ్బ

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఆ వానాకాలం నేను విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళింది ఒక మనిషి తప్పు రుజువు చేయడానికి. మా ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో సరుకు కొలిచి పాస్ చేసే పని నాది. లాలాగూడలో పంపులు బిగించే షెడ్డువాళ్ళు పంపు ఇరుసు చుట్టూ తొడిగే మా నైలాన్ బుష్‌లు లావై పట్టడం లేదని తిప్పి పంపారు. అచ్చు చేసిన బసవయ్యదే పొరపాటని నేను రిపోర్టు రాసేశాను. తిరిగొచ్చిన బుష్‌ని చూసి యూనివర్సిటీ ల్యాబు కూడా అదే అంటే ఆయన ఉద్యోగం పోతుంది.

ఉదయం ఆరు నలభైకి సికింద్రాబాదులో దిగి, లోకల్ బండిలో సీతాఫల్‌మండి చేరాను. ఆ రోజు బంద్. రైళ్ళు తప్ప ఏవీ నడవడం లేదు. స్టేషన్ బయట ఇడ్లీలమ్మే ఆమె, "యూనివర్సిటీకా? ఆడి దాంక నడుసుడే సారూ, తిని పోండ్రి," అంది.

క్యాంపస్‌లో విద్యార్థులు నినాదాలిస్తున్నారు. నా యాస పట్టిస్తుందేమోనని తల వంచుకుని నడుస్తుంటే ఒకతను ఆపి, "సంచిల ఏంది సారూ?" అన్నాడు. చెప్పక తప్పలేదు. "ల్యాబుకా? ఈ చెట్ల సందుల పోతే దగ్గరైతది," అని దారి చూపించాడు. నా భయానికి నాకే సిగ్గేసింది.

ల్యాబులో టెక్నీషియన్ యాదగిరి గారొక్కరే ఉన్నారు. నల్లకుంట నుంచి నడిచొచ్చారట. బుష్‌ని కొలిచి, "మీరెప్పుడు కొలిసిన్రు?" అని అడిగారు.

"మెషిన్లోంచి తీసి చల్లారగానే, ఏసీ గదిలో."

"గందుకే. నైలాన్ గాలిలున్న తేమ తాగుతది. ఉబ్బ పోస్తే ఉబ్బదా సారూ?"

ఆయన ఉబ్బ అన్నదాన్ని మేం ఉక్క అంటాం. ఆ మాట ఎన్నిసార్లు అన్నా నాకీ సంగతి తట్టలేదు.

తాగిన తేమ ఆరిపోవాలని తొమ్మిదింటికి బుష్‌ని ఓవెన్లో పెట్టి, ఆయన తెచ్చుకున్న జొన్నరొట్టె పంచుకున్నాం. మూడింటికి బయటికి తీయగానే కొలవబోయాను. "వేడికి గూడ పెరుగుతది, ఆగుండ్రి," అని నా చెయ్యి పట్టుకున్నారు. చల్లారాక కొలిస్తే సన్నబడి ఉంది, సరిగ్గా డ్రాయింగులో ఉన్నంత. బసవయ్య అచ్చులో ఏ లోపమూ లేదు.

నాలుగున్నరకు తార్నాకలో, షట్టరు సగం దించిన హోటల్లో చాయ్ తాగాం. అంత మంచి చాయ్ మళ్ళీ తాగలేదు.

"ఇగ ఏం రాస్తరు?"

"అచ్చు బాగుందని."

"గంతేనా? తప్పెవరిదో రాయరా?"

నాకు ఒళ్ళు మండింది. చాయ్ డబ్బులిచ్చి సెలవు తీసుకుని సికింద్రాబాదు దాకా నడిచాను. బోసిపోయిన ఆ రోడ్డు, అడగకుండానే దారి చెప్పిన మనుషులు ఇన్నేళ్ళయినా కళ్ళలోనే ఉన్నారు.

ఆరింటి బండిలో కొత్త రిపోర్టు రాశాను. "తేమ సంగతి చూసుకోకుండా పాస్ చేసింది నేనే," అన్న వాక్యం కింద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. కాజీపేట దాటాక ఎదుటి సీటాయన మెడ తుడుచుకుంటూ, "ఏం ఉక్కండీ బాబూ," అన్నాడు.

"ఉబ్బండీ," అని సంతకం పెట్టేశాను.